మగపిల్లాడు "ఏం లేదు" అన్నాక ఏం చెయ్యాలి

మా అక్క కొడుకు ఇంటర్ ఫస్టియర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాడు. ప్రతి ఆదివారం ఫోన్లో మా అక్క అడిగేది, ఎలా ఉన్నావురా, బాగున్నా, తిన్నావా, తిన్నా, ఏమన్నా తేవాలా, ఏం వద్దు. నాలుగు నెలలు ఇదే పాట. దసరా సెలవులకి ఇంటికొచ్చి షర్ట్ మార్చుకుంటుంటే వీపు మీద కమిలిన మచ్చలు కనపడ్డాయి. ఏంట్రా ఇవి అంటే "ఏం లేదు, మంచం మీంచి పడ్డా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు చల్లబడిపోయింది, ఎందుకంటే ముప్పై ఏళ్ళ కింద ఎనిమిదో తరగతిలో ఇలాంటి హాస్టల్ నుంచే వచ్చి నేను మా నాన్నకి చెప్పింది కూడా ఇదే, కాకపోతే నేను బాత్రూంలో జారిపడ్డా అన్నా. నా ఎడమ చేతి చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. ఎవరు విరిచారో మా నాన్నకి ఆయన పోయేదాకా తెలీదు.

అందుకే ఇది రాస్తున్నా. అమ్మానాన్నలకి, అన్నలకి, బాబాయిలకి, ముఖ్యంగా నాలాంటి మేనమామలకి. మగపిల్లాడు నోరు విప్పట్లేదంటే వాడికి మీ మీద నమ్మకం లేకో, పొగరెక్కో అనుకోకండి. వాడు ఒక కట్టుబాటుకి కట్టుబడి ఉన్నాడు. ఆ కట్టుబాటు ఏంటో తెలీకుండా ఎంత గట్టిగా అడిగితే అంత గట్టిగా మూసుకుపోతాడు.

ముందు ఆ రూల్స్ గురించి చెప్తా, ఎవరూ నోటితో చెప్పరు గానీ పదేళ్ళొచ్చేసరికి ప్రతి మగపిల్లాడికీ కంఠతా వచ్చేస్తాయి. మొదటిది, నొప్పి బయటికి కనపడనివ్వకూడదు. చిన్నప్పుడు నడుస్తూ పడిపోతే "ఏం కాలేదులే, చీమ చచ్చిపోయింది చూడు" అంటాం కదా, అది ముద్దుకే అంటాం, ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఇద్దరికీ అంటాం. కానీ ఐదారేళ్ళొచ్చాక ఆడపిల్ల పడితే దగ్గరికి తీసుకుంటాం, మగపిల్లాడు పడితే "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అంటాం. అక్కడ మొదలవుద్ది. ఆ తర్వాత మనం నేర్పక్కర్లేదు, మిగతాదంతా తోటి పిల్లలే నేర్పిస్తారు. మా ఊళ్ళో మేం మోకాలు చీరుకుపోతే బోరు దగ్గర కడుక్కుని, గట్టు మీద గడ్డి చామంతి ఆకు కోసి అరచేతుల్లో నలిపి ఆ పసరు పిండుకునేవాళ్ళం, భగ్గున మండేది, పళ్ళు బిగబట్టి నవ్వేవాళ్ళం, ఎవడు నవ్వకపోతే వాడు ఓడిపోయినట్టు. ఇంటికెళ్ళాక నిక్కరు కిందకి లాక్కుని కూర్చునేవాళ్ళం. ఈత రాని వాడు కూడా బావి గట్టెక్కాక వెనక్కి దిగకూడదు, దిగితే ఆ వేసవంతా పేరు పెట్టి పిలుస్తారు.

రెండోది అన్నిటికంటే పెద్దది, చెప్పకూడదు. చెప్పేవాడికి ఎన్ని పేర్లో చూడండి, చాడీలు చెప్పేవాడు, పితూరీలు మోసేవాడు, సార్ చెంచా. కొట్టినవాడికి ఇన్ని పేర్లు లేవు. క్లాసులో కిటికీ అద్దం పగిలితే సార్ వరసలో నిలబెట్టి ఒక్కొక్కళ్ళ అరచేతి మీద బెత్తంతో వాయించుకుంటూ వచ్చినా నలభై మందీ దెబ్బలు తింటారు గానీ ఒక్కడు పేరు చెప్పడు. ఇది తప్పు అని నేను అనను, అందులో ఒక ప్రేమ ఉంది, ఆ రోజు నా పక్కన దెబ్బ తిన్నవాడు ఈ రోజుకీ నా స్నేహితుడే, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా వస్తాడు. అందుకే పిల్లల ముందు ఈ కట్టుబాటుని ఎగతాళి చెయ్యకండి, అది వాళ్ళ దగ్గరున్న మొదటి పరువు. కష్టమేంటంటే, అద్దం పగలగొట్టినవాణ్ని కాపాడే రూలే వేలు విరిచినవాణ్ని కూడా కాపాడుద్ది. పిల్లలకి ఆ రెండిటికీ తేడా ఎవరూ చెప్పలేదు.

ఒట్టు సంగతి కూడా తెలుసుకోవాలి. "అమ్మతోడు ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయిస్తారు. మనం పెద్దాళ్ళం ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అనేస్తాం, పన్నెండేళ్ళ వాడికి అది అంత తేలిక కాదు, నోరు విప్పితే నిజంగానే అమ్మకి ఏదో అవుద్దని రాత్రుళ్ళు భయపడతాడు. నేను భయపడ్డా. మీ వాడు ఏదైనా ఒట్టు మోస్తున్నట్టు అనిపిస్తే వాళ్ళమ్మతోనే చెప్పించండి, "నా మీద ఎవరు ఒట్టేయించినా నేను తీసేస్తున్నా నాన్నా, నాకేం కాదు" అని. అమ్మ నోటితో ఆ మాట వింటే పిల్లాడికి గుండెల మీంచి బండ దించినట్టే ఉంటది.

సరే, ఇప్పుడు అసలు పని. నేను ముందు చేసిన తప్పు చెప్తా. మచ్చలు చూడగానే హాల్లో అందరి ముందు, వాళ్ళ చెల్లి కూడా ఉంది, "ఎవడ్రా వాడు, పేరు చెప్పు, ఇప్పుడే వెళ్ళి తేల్చేస్తా" అన్నాను. వాడి ముఖం రాయి అయిపోయింది. మా బావేమో "నువ్వు తిరిగి కొట్టలేదా" అన్నాడు, అంతే, ఇంక రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఒక్క నిమిషంలో ఇద్దరం కలిసి తలుపు మూసేశాం. పేరు అడగటం అంటే వాణ్ని చెంచా అవ్వమని అడగటం. తిరిగి కొట్టలేదా అంటే నువ్వు మగాడివి కాదా అని అడగటం. ఈ రెండు మాటలూ, దాంతోపాటు "మా రోజుల్లో అయితే" అనే మాటా నోట్లోనే ఆపేసుకోండి. హాస్టల్ విజిటింగ్ టైంలో, వార్డెన్ తిరుగుతుంటే, పక్కన ఇంకో పిల్లాడి తల్లిదండ్రులు పులిహోర పెడుతుంటే అసలు అడగొద్దు. వార్డెన్ ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడిస్తారు చూడండి, అప్పుడు కూడా అడగొద్దు, వాడి వెనకాల లైన్లో ఇరవై మంది నిలబడి వింటుంటారు, అందుకే ఆ ఫోన్లో ఎప్పుడూ అంతా బాగానే ఉంటది.

ఎదురెదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ అడిగితే అది ఆఫీసు రూములో విచారణ లాగా ఉంటది వాడికి. పక్కపక్కన ఉండండి. బండి మీద వెనక కూర్చున్నవాడు ముందున్నవాడి వీపుతో మాట్లాడతాడు, ముఖం కనపడదు, గాలి హోరుకి గొంతు వణికినా తెలీదు, అందుకే మగపిల్లలు బండి మీద చెప్పినన్ని విషయాలు ఇంకెక్కడా చెప్పరు. పొలంలో మోటారు దగ్గర నీళ్ళు పారేదాకా కూర్చోవడం, సైకిల్ పంక్చర్ వేసుకోవడం, రాత్రి కరెంటు పోయినప్పుడు డాబా మీద పడుకోవడం, ఇవన్నీ అంతే. చేతులకి పని, కళ్ళకి చీకటో దారో ఉండాలి. సెలవులయ్యాక ఒక ఆదివారం అవుటింగ్ ఇస్తే నేను వాణ్ని బండెక్కించుకుని బ్యారేజి దాటి ఉండవల్లి వైపు తీసుకెళ్ళా. ఏం అడగలేదు. మిరపకాయ బజ్జీలు తిన్నాం, క్రికెట్ మాట్లాడుకున్నాం, వచ్చేశాం. రెండో ఆదివారం కూడా అంతే. మీకు ఓపిక ఉండాలి ఇక్కడ, మొదటి రెండు సార్లు వాడు మిమ్మల్ని పరీక్షిస్తాడు, ఈయన దేనికోసం వచ్చాడా అని చూస్తాడు. (దెబ్బలు ఇంకా తాజాగా ఉంటే, వెళ్ళనని ఏడుస్తుంటే ఇంత టైం తీసుకోవద్దు, ముందు హాస్టల్ నుంచి తీసుకొచ్చెయ్యండి, మాటలు ఇంట్లో అయినా జరుగుతాయి. మేం అప్పుడే తీసుకురావాల్సింది, పంపించేశాం, అది నాకు ఇప్పటికీ బాధ.)

మూడోసారి నేనే మొదలుపెట్టా. నా వేలు చూపించా. ఎలా విరిగిందో, నైన్త్ వాళ్ళు ముగ్గురు బకెట్లు మొయ్యమంటే మొయ్యనన్నందుకు తలుపు సందులో పెట్టి ఎలా నొక్కారో, నాన్నకి ఏం అబద్ధం చెప్పానో, ఆ రాత్రి దుప్పటి నోట్లో కుక్కుకుని ఎలా ఏడ్చానో మొత్తం చెప్పా. ఈ వయసు దాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. వాడు నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాసేపటికి "మా రూంలో ఒకడున్నాడు మామయ్యా" అన్నాడు.

ఈ "ఒకడు" చాలా ముఖ్యం, దయచేసి గుర్తుపెట్టుకోండి. మగపిల్లాడు తన సంగతి ఎప్పుడూ "మా ఫ్రెండ్ ఒకడికి" అనే మొదలుపెడతాడు. అప్పుడు ఆ ఒకడు నువ్వేనా అని మాత్రం అడగొద్దు. ఆ ఫ్రెండ్ గురించే మాట్లాడండి. వాడు అన్నం తింటున్నాడా, రాత్రి పడుకుంటున్నాడా, ఎన్నాళ్ళ నుంచి, ఎవరన్నా వాడి పక్కన ఉంటున్నారా, వాడికి ఏం జరిగితే బాగుంటదనుకుంటున్నాడు. ఇలా అడిగితే వాడు పరువు పోకుండా మొత్తం చెప్పగలడు. మావాడు ఒక అరగంట అలా చెప్పుకుంటూ వచ్చి చివర్లో ఎక్కడో "అప్పుడు నన్ను" అన్నాడు, అన్నట్టు వాడికే తెలీదు, నేనూ పట్టించుకున్నట్టు కనపడలేదు. చెప్తున్నంతసేపూ మధ్యలో ఆవేశపడకండి, పళ్ళు కొరకకండి, మీ కోపం చూసి వాడు భయపడి సగంలో ఆపేస్తాడు, మామయ్య ఏదో గొడవ చేస్తాడు అని. ఊ కొట్టండి చాలు. ఖాళీ వస్తే ఖాళీగానే వదిలెయ్యండి.

ఎవరికీ చెప్పనని మాటివ్వు అంటాడు. ఇవ్వకండి. ఇచ్చి తప్పితే జన్మలో మళ్ళీ చెప్పడు. నేనేం అన్నానంటే, "నీకు తెలీకుండా ఒక్క పనీ చెయ్యను, ఏం చేసినా ముందు నీతో చెప్పే చేస్తా, కానీ నీ ఒంటికో ప్రాణానికో ప్రమాదం అనిపిస్తే మాత్రం ఆగను". కాసేపు ఆలోచించి సరే అన్నాడు. పిల్లలకి ఖచ్చితమైన మాట నచ్చుద్ది.

ఇక చాడీకి, సాయానికి తేడా. ఇది మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు. ఒకణ్ని ఇరికించడానికి చెప్తే చాడీ, ఒకణ్ని బయటికి లాగడానికి చెప్తే సాయం. బావిలో పడ్డవాడి గురించి కేక వేస్తే చాడీ అంటామా అని అడిగా. మా వాడి విషయంలో కింది బెర్తు కుర్రాడు ఇంకా ఎక్కువ దెబ్బలు తింటున్నాడు, వాడి తండ్రి లేడు, తల్లి కూలికెళ్ళి ఫీజు కడుతోంది, వాడు ఎవరికీ చెప్పుకోలేడు. నీ కోసం వద్దులే, వాడి కోసం చెప్పు అన్నా. అప్పుడు చెప్పాడు పేర్లు. చూడండి, అదే కట్టుబాటు, స్నేహితుణ్ని వదలకూడదు అనేదే, ఈసారి నోరు తెరిపించింది.

కొన్ని గుర్తులు చెప్తా, ఒక్కోటి విడిగా చూస్తే ఏం అనిపించదు, మూడు నాలుగు కలిస్తే మాత్రం వదిలెయ్యొద్దు. ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా. పచ్చడి సీసా, సున్నుండల డబ్బా రెండు రోజుల్లోనే అయిపోయాయనడం. సబ్బులు, బనియన్లు, డబ్బులు మాటిమాటికీ అడగటం. సెలవులు అయిపోయే రోజు సాయంత్రం కడుపునొప్పి, వాంతులు. పెద్దయ్యాక పక్క తడపటం మళ్ళీ మొదలవ్వటం. ఇంట్లో తమ్ముణ్నో చెల్లినో కారణం లేకుండా కొట్టడం, ఇది చాలామంది పొగరు అనుకుంటారు, అక్కడ తిన్నది ఇక్కడ దించుతున్నాడేమో చూడండి.

ఇప్పుడు రాయడానికి చెయ్యి రాని విషయం ఒకటి. ఒంటి మీద చెయ్యి వెయ్యడం. మగపిల్లలకి అలాంటివి జరగవు అనుకునే ఇళ్ళు మనవి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి రిపోర్టు వేసింది, ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందని చెప్పినవాళ్ళు 53 శాతం పైన, వాళ్ళలో మగపిల్లలు 52.94 శాతం, అంటే ఆడపిల్లల కంటే కాస్త ఎక్కువే. ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది, అప్పటికి ఇంకా రాష్ట్రం విడిపోలేదు. ఎక్కువ మంది పిల్లలు ఎవరికీ చెప్పలేదని కూడా అందులోనే ఉంది. మగపిల్లాడికి దీంట్లో సిగ్గు రెండింతలు, ఆపలేకపోయానే, నేను మగాణ్ని కాదేమో అని కుమిలిపోతాడు, ఒక్కోసారి భయంలో కూడా ఒళ్ళు దానంతటదే స్పందిస్తది, అది ఇష్టం కాదు అని వాడికి చెప్పేవాళ్ళు ఉండరు. వాడు ఆ విషయం చెప్పిన మొదటి నిమిషంలో మీరు అనాల్సింది రెండే మాటలు, "నేను నమ్ముతున్నా, తప్పు నీది కాదు". ఎందుకు అరవలేదు, ముందే ఎందుకు చెప్పలేదు, ఇవి అడగొద్దు, ఎప్పటికీ.

పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012ది, పద్దెనిమిది లోపు మగపిల్లలకి కూడా వర్తిస్తది, చాలామందికి తెలీదు. విషయం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, పరువు పోద్దని ప్రిన్సిపాల్ దాచిపెట్టినా అది నేరమే. పిల్లాడి స్టేట్‌మెంట్ వాడి ఇంట్లోనో వాడికి నచ్చిన చోటో తీసుకోవాలి, తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, రాత్రి స్టేషన్లో ఉంచకూడదు, పేరు, ఫొటో బయట పెట్టకూడదు. స్టేషన్‌కి వెళ్ళేముందు పిల్లాడికి ఈ సంగతులన్నీ విడమరిచి చెప్పండి, వాడి భయం సగం ఊరంతా తెలుస్తదనే. ఎటు వెళ్ళాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, పిల్లలు కూడా స్వయంగా చెయ్యొచ్చు, డబ్బులు పడవు.

కొట్టడం, ర్యాగింగ్ విషయమైతే, మనకి ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఫిర్యాదు ఇచ్చినా పట్టించుకోకపోతే ఆ సంస్థ అధిపతి కూడా నేరానికి తోడ్పడినట్టే లెక్క. కాబట్టి నోటిమాటగా చెప్పి రావొద్దు. దెబ్బలు ఫొటోలు తియ్యండి, గవర్నమెంట్ ఆస్పత్రిలో చూపించి చీటీ తీసుకోండి, తేదీ వేసి కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మేం కింది బెర్తు కుర్రాడి తల్లిని కూడా తీసుకుని కలిసి వెళ్ళాం, ఒక్కరే వెళ్తే మీవాడే సున్నితం అండీ అంటారు. మా వాణ్ని ఆఫీసు రూంలోకి పిలిపించి ఆ కొట్టిన సీనియర్ల ఎదురుగా నిలబెట్టొద్దని ముందే గట్టిగా చెప్పాం, రూం మార్చమన్నాం. దయచేసి నలుగురు మనుషుల్ని వేసుకెళ్ళి ఆ సీనియర్లని కొట్టించకండి, నాకూ చెయ్యి దురద పెట్టింది, కానీ ఆ కొట్టినవాళ్ళూ పిల్లలే, అందులో ఒకడు ముందు ఏడాది అదే రూంలో అదే తిన్నాడంట.

ఇంకోటి, సూటిగా అడగాల్సింది ఒకటి ఉంది. "చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా". అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయపడతారు, పుట్టదు, అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. మన దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్న ప్రతి వంద మందిలో దాదాపు 72 మంది మగాళ్ళని జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క. వాళ్ళలో ఎంతమంది ఆ ముందు రోజు "ఏం లేదు, బాగున్నా" అనుంటారో అని నేను అనుకుంటూ ఉంటా. అవును అనిపించింది అంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఏ టైంలో అయినా ఎత్తుతారు. మర్నాడు డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి.

ఇళ్ళల్లో ఒక సామెత ఉంది, నవ్వే ఆడదాన్ని ఏడ్చే మగాణ్ని నమ్మకూడదని. మా ఇంట్లో మా నాయనమ్మ అనేది, ఆవిడ మంచి మనిషే, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. దాన్ని ఆపెయ్యండి, పిల్లల ముందు మాత్రం అనకండి. నాన్నలు కూడా కాస్త కనపడాలి. బాధొస్తే బాధొచ్చింది అనండి, మీ నాన్న పోయినప్పుడు దొడ్లోకెళ్ళి ఏడ్చి ముఖం కడుక్కుని రాకండి, వాడు చూడనివ్వండి. చిన్నపిల్లలైతే ఇంకా తేలిక, పడినప్పుడు చీమ సంగతి తర్వాత, ముందు ఎక్కడ నొప్పిరా అని అడిగి అక్కడ చెయ్యి పెట్టండి.

వాడు చెప్పేశాక ఇంకో చిన్న పని మిగిలుంటది. చెప్పిన మర్నాడు పిల్లలకి సిగ్గేస్తది, తప్పించుకు తిరుగుతారు, అది మామూలే. మళ్ళీ ఆ విషయం మీరెత్తకండి, పక్కింటివాళ్ళకి, చుట్టాలకి చెప్పుకోకండి, జాలిగా చూడకండి. వచ్చే ఆదివారం ఎప్పటిలాగే వెళ్ళండి. మేం అలాగే వెళ్ళాం, అదే బజ్జీల బండి, ఆ రోజు మావాడు ఒక్క మాట ఆ సంగతి మాట్లాడలేదు, బ్యారేజి మీద మాత్రం బండి నేను నడుపుతా మామయ్యా అన్నాడు, లైసెన్స్ వచ్చాక అన్నాను, వెనకెక్కి కూర్చుని పాట అందుకున్నాడు.